గోలు వెనకాల నిలబడు, తమ్ముడూ

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగర్. నాకు 31 ఏళ్లు. ఫుట్‌బాల్‌లో పదో తరగతి నుంచీ సెంటర్ ఫార్వర్డ్‌గానే, అంటే ముందుండి గోలు కొట్టేవాడిగానే ఆడాను. జిల్లా జట్టుకి ఆరేళ్లు, విశాఖలో ఒక క్లబ్బుకి రెండు సీజన్లు ఆడాను. మూడేళ్ల కిందట మోకాల్లో లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయింది గానీ పాత వేగం రాలేదు. ఈ జూన్‌లో మా ఊరి క్లబ్బు సెక్రటరీ గారు 14 ఏళ్ల లోపు గుంటల్ని నా చేతిలో పెట్టారు. 18 మందితో మొదలుపెట్టాను, ఇప్పుడు 14 మంది మిగిలారు. వాళ్లలో ముగ్గురు ఫార్వర్డ్‌లు భలే ఆడతారు. ఒకడిది ఎడమ కాలు, కొట్టాడంటే ఆగదు. ఇంకొకడు నాలాగే తిరుగుతాడు. మూడోవాడు హెడ్డింగులో గట్టివాడు. అయినా అయిదు మ్యాచ్‌ల్లో నాలుగు ఓడాం. రెండు మ్యాచ్‌లు గోలీ వల్లే పోయాయి. సులువైన బంతి పోగొడుతుంటే నాకు కోపం ఆగదు, అరిచేస్తాను. హాస్టల్లో ఉండే సవర పిల్లలు ఆరుగురున్నారు, చెప్పిందానికి తల ఊపుతారు గానీ చెయ్యరు. ఇద్దరు ఆడపిల్లలు రోజూ గట్టు మీద కూర్చుని చూస్తారు, వాళ్లనేం చెయ్యాలో తెలీదు. జనవరిలో కొండ ఊళ్లలో టోర్నమెంట్లు ఉన్నాయి, పెద్దల జట్టులో నన్ను ఆడమంటున్నారు. ఆడొచ్చా? మా మావగారు పాతపట్నంలో తన హార్డ్‌వేర్ షాపు చూసుకోమంటున్నారు. కోచింగ్ మీద బతకగలనా? కోచింగ్ లైసెన్సు కోర్సు చేస్తే బడిలో ఉద్యోగం వస్తుందా? అసలు గోలు కొట్టడం ఇంత బాగా తెలిసినవాణ్ణి, నేర్పడం నాకెందుకు రావడం లేదు మాస్టారూ?

సమాధానం:

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివర అడిగినదానికి ముందు చెప్తాను. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

గోలు కొట్టడం తెలుసన్నావు. నీ కాళ్లకి తెలుసు. నీకింకా తెలీదు. కుడి పక్క నుంచి బంతి లోపలికి వస్తోంది, అవతలి స్టాపర్, అదే గోలు ముందు కాపు కాసేవాడు, నీకంటే ముందున్నాడు, అయినా నువ్వే ముందు తాకావు. ఎలా తాకావురా అని అడిగితే ఏం చెప్తావు? "అలా వెళ్లిపోయానంతే" అంటావు. నేనూ రైట్ అవుట్‌గా, అంటే కుడి పక్క ఫార్వర్డ్‌గా, ఆడే రోజుల్లో అదే అనేవాణ్ణి. ఆవకాయ కలిపే పెద్దావిణ్ణి ఉప్పెంత వెయ్యాలమ్మా అని అడిగితే "చెయ్యి చెబుతుంది" అంటుంది చూడు, అదీ సంగతి. ఆవిడ చెయ్యి తప్పదు. కానీ కొత్త కోడలికి ఆ చెయ్యి లేదు. ఆవిడ ఒక్కసారి సోల తీసుకుని కొలిచి చూపిస్తే తప్ప కోడలికి ఆవకాయ రాదు. నీ గుంటలకి కావలసింది ఆ సోల. నువ్వు మళ్లీ మళ్లీ నీ చెయ్యి చూపిస్తున్నావు.

ఇంకో మాట కూడా ఉంది. కొంచెం కటువుగా ఉంటుంది, విను. ఫార్వర్డ్‌ని ఊరు క్షమించినట్టు ఇంకెవర్నీ క్షమించదు. పది బంతుల్లో తొమ్మిది పోగొట్టుకుని పదోది వలలో వేస్తే భుజాల మీద ఎత్తుకుని ఊరేగిస్తారు. స్టాపర్ తొమ్మిది ఆపి పదోది వదిలేస్తే ఇంటికెళ్లేదాకా తిడతారు. మోకాలు పోయేదాకా ఏళ్ల తరబడి ఆ క్షమ నువ్వు తిన్నావు. ఇప్పుడు పన్నెండేళ్ల పిల్లాడు ఒక్క బంతి పోగొడితే నీకు ఆగడం లేదు. నువ్వు చెడ్డవాడివని అనడం లేదు. మన జాగా అలాంటిది, మన పొరపాట్లు మన కంటికి కనపడనివ్వదు.

నా సంగతి చెప్తాను. కోచింగ్‌లోకి వచ్చిన రెండో ఏడు. ఒక గుంటడు ఉండేవాడు, నది అవతలి ఊరి నుంచి నడిచొచ్చేవాడు. కాన్వాసు బూట్లు, కుడి బూటు అడుగు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్కతో కట్టుకునేవాడు. మ్యాచ్‌లో మూడుసార్లు ఆఫ్‌సైడ్‌లో, అంటే మనవాడు బంతి వదలకముందే అవతలి బ్యాక్‌లని దాటేసి, దొరికాడు. మూడోసారి నేను లైను మీద నుంచే అందరికీ వినపడేలా "నీకు కళ్లున్నాయా, గోళీలున్నాయా" అని అరిచాను. జనం నవ్వారు. వాడు ఏమీ అనలేదు. మెల్లగా బయటికి నడిచొచ్చి, బనీను విప్పి, చేతులు లోపలికి మడిచి నలుచదరంగా పెట్టి, లైను పక్కన రాయి మీద ఉంచాడు. దాని మీద ఆ ట్యూబు ముక్క పెట్టాడు, అది కూడా మేమిచ్చిందే. చొక్కా భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. వారం తర్వాత వాళ్ల ఊరు వెళ్తే, సూరత్ మిల్లుకి వెళ్లే మనుషులతో పంపేశాం అన్నారు. వాడు ఆఫ్‌సైడ్‌లో ఎందుకు దొరుకుతున్నాడో చాలా ఏళ్ల తర్వాత నాకు అర్థమైంది. బంతి వదిలేవాడి కాలు చూసి పరుగెత్తాలని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేనే. మడిచిన ఆ బనీను ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది.

నీ దగ్గర్నుంచి వెళ్లిపోయిన నలుగురి ఇళ్లకీ ఈ ఆదివారం లోపు వెళ్లు. ఆలస్యం చెయ్యకు. వాళ్ల అమ్మ ముందే "తప్పు నాది, రేపట్నుంచి రా" అను. ఇద్దరొచ్చినా గొప్పే.

ఇప్పుడు పని. నువ్వు ప్రాక్టీసులో ఎక్కడ నిలబడతావో నేను చూడకుండానే చెప్తాను. అవతలి గోలుకి దగ్గర్లో, పెనాల్టీ ఏరియా గీత పక్కన. ఆట ఎటు వెళ్తే అటు నీ మొహం తిరుగుతుంది, బంతి కాలి దగ్గరికి రావాలని నీ కాలే ముందు కదులుతుంది. అవునా? అక్కణ్ణించి చూస్తే బంతీ, ఆ ముగ్గురు ఫార్వర్డ్‌లూ తప్ప ఏమీ కనపడవు. రెండు వారాలు ఆ చోటు వదిలెయ్. నీ సొంత గోలు వెనకాల, వల బయట నిలబడు. విజిల్ సెక్రటరీ గారికో, బూట్లు తేని పిల్లాడికో ఇచ్చెయ్. నీ చేతిలో ఒక నోట్‌బుక్కు, పెన్సిలు చాలు.

మొదటి పది నిమిషాలు బంతి చూడకు. కష్టంగా ఉంటుంది, కంటికి అలవాటు. ఒక్క పిల్లాణ్ణి ఎంచుకుని వాణ్ణే చూడు. ముగ్గురిలో ఒకణ్ణి కాదు, వెనక ఎడమ పక్క కాపు కాసే లెఫ్ట్ బ్యాక్‌ని చూడు. బంతి కుడి మూల ఉన్నప్పుడు వాడు ఎక్కడున్నాడు? మధ్యకి జరిగాడా, లైనుకి అతుక్కుని నిలబడ్డాడా? బంతి రాకముందు ఎన్నిసార్లు తల తిప్పి వెనక చూశాడు? పది నిమిషాల్లో బంతి వాడి కాలికి ఎన్నిసార్లు తగిలింది? గీతలు పెట్టుకో. రెండో మూడో గీతలకి మించి పడకపోతే ఆశ్చర్యపోకు. 14 మందికి ఒక్క బంతి ఇచ్చి పెద్ద గ్రౌండు మీద వదిలితే సగం మంది చూడ్డానికి వచ్చినట్టే. గంటన్నర ప్రాక్టీసులో పిల్లాడికి పది టచ్‌లు కూడా రాకపోతే వాడు ఏం నేర్చుకుంటాడు? రెండు చిన్న గ్రౌండ్లు గీయి. ఒక దాంట్లో నలుగురికి నలుగురు, రెండో దాంట్లో ముగ్గురికి ముగ్గురు. సరిగ్గా 14 మంది సరిపోతారు. వెళ్లినవాళ్లు తిరిగొస్తే అయిదుగురికి అయిదుగురు చెయ్.

అక్కడే నిలబడి మీ గోలీని వెనక నుంచి చూడు. ఈ ఒక్క విషయంలో నీ మీద నాకు కోపం వచ్చింది, దాచను. "గోలీ వల్లే పోయాయి" అని రాశావు. పెద్దల గోలు 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. దాని ముందు నాలుగున్నర అడుగుల పిల్లాణ్ణి నిలబెట్టారు. ఎగిరి రెండు చేతులూ చాపినా పై కడ్డీ అందదు. అవతలి జట్టు వాళ్లు తల మీదుగా వేశారు, పడింది. వాడు చేసిన తప్పేంటి? పుట్టిన తేదీ. రేపు రెండు వెదురు కర్రలు తెచ్చి ప్రాక్టీసు గోలు 16 అడుగులు చెయ్యి, ఎత్తు ఆరేడు అడుగుల్లో తాడు కట్టు. పన్నెండేళ్ల లోపు వాళ్లకి నాలుగో నంబరు బంతి ఇవ్వు. పెద్దల అయిదో నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, ఆ చిన్న అరచేతుల్లో అది ఆగదు. ఈ రెండూ మార్చాక ఒక నెల ఆగి చూడు, గోలీ అదే గోలీయా అనిపిస్తుంది.

నీకు బాగా వచ్చిన ఆ పరుగు సంగతికి వద్దాం. నేర్పడం అంటే ఏమిటో నీకు తెలిసేది అక్కడే. బంతి పక్క నుంచి లోపలికి వచ్చేటప్పుడు దగ్గరి స్తంభం ముందుకి దూసుకెళ్లే పరుగు. దాన్ని సోలతో కొలిచి చూద్దాం. నా లెక్కలో అందులో మూడు పనులున్నాయి. పరుగుకి ముందు నువ్వు భుజం మీదుగా వెనక్కి ఒక చూపు చూస్తావు. అది చూస్తున్నావని నీకే తెలీదు, పాత ఆటల వీడియో ఎవరి ఫోన్లోనైనా ఉంటే చూసుకో. రెండోది, నువ్వు ముందు ఎదురు దిక్కుకి రెండడుగులు వేస్తావు. స్టాపర్ నీతో పాటు జరుగుతాడు, వాడి బరువు అటు కాలి మీద పడుతుంది, అప్పుడు నువ్వు తిరుగుతావు. మూడోది కదిలే క్షణం. లైను పక్కనున్నవాడు బంతిని కొంచెం ముందుకు తోసుకుని తల ఎత్తాడా, అదీ క్షణం. అంతకుముందు కదిలితే స్టాపర్ చూసేస్తాడు, తర్వాత కదిలితే బంతి నీ కంటే ముందు పోతుంది. స్టాపర్ కళ్లు నీ మీద నుంచి బంతి మీదకి వెళ్లేది కూడా సరిగ్గా అప్పుడే.

ఈ మూడూ ఒకేసారి చెప్పావంటే పిల్లలకి తలనొప్పి తప్ప ఏమీ రాదు. వారానికి ఒకటి. చూపుకి నేను ఆడించే ఆట ఇది. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా పది గజాల్లో పాసులు ఇచ్చుకుంటారు. ఒకడి వెనక మూడోవాడు నిలబడి వేళ్లు ఎత్తుతాడు, ఒకటో మూడో అయిదో. బంతి కాలికి తగిలేలోపు వాడు వెనక్కి చూసి ఎన్ని వేళ్లో కేక వెయ్యాలి. మొదటి రోజు అందరూ బంతి పోగొడతారు. నాలుగో రోజుకి తలలు వాటంతటవే తిరుగుతాయి. చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, నిజంగా.

క్షణం నేర్పడానికి ఇటుకలు పెట్టి గోలు ముందు పెట్టె లాంటి చోటు గీయి. లోపల ముగ్గురికి ముగ్గురు. రెండు పక్కలా చెరొకడు, వాళ్లని ఎవరూ అడ్డుకోకూడదు, వాళ్ల పని లోపలికి బంతి ఇవ్వడం. ఒక్క టచ్‌తో కొడితేనే గోలు. అంతే నియమం. ఇంక నువ్వు మాట్లాడకు. ఆట ఆగినప్పుడు మాత్రం కొట్టినవాణ్ణి కాకుండా, కొట్టలేకపోయినవాణ్ణి అడుగు, "ఎప్పుడు కదిలావు?" అని. "వాడు తన్నాక" అంటాడు. "ఇంకొంచెం ముందు కదిలితే?" అని వదిలెయ్. జవాబు వాడి కాళ్లు వెతుక్కుంటాయి. నువ్వు వెళ్లి చేసి చూపించావనుకో, నీ మోకాలు సరిగా లేకపోయినా నీ పరుగు అందంగానే ఉంటుంది, పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారు. చప్పట్లు నీకొస్తాయి, ఆట వాళ్లకి రాదు.

హెడ్డింగ్ గట్టివాడి గురించి రాశావు. సంతోషమే. కానీ రోజూ ముప్పై నలభై సార్లు తలతో కొట్టించకు. ఇంగ్లండులో 2020 నుంచి చిన్న పిల్లలకి ప్రాక్టీసులో హెడ్డింగే వద్దన్నారు. ఎగరడం, చూడడం, చోటు పట్టడం ముందు నేర్పు. మెత్తటి బంతితో, కొద్దిసార్లు చాలు.

ఫార్వర్డ్‌లు మంచి కోచ్‌లు కాలేరని ఎవరైనా అంటే నమ్మకు. పి.కె. బెనర్జీ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టుకి కెప్టెన్, రైట్ అవుట్. 1970ల్లో కోచ్‌గా కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌ని ఒక తరం పాటు మరిచిపోలేని జట్టుగా చేశాడు. ఆటగాడితో మాట్లాడి లేపే తీరుకి "వోకల్ టానిక్" అనే పేరు పడింది. కాలితో కొట్టినవాడు మాటతో కొట్టించడం నేర్చుకున్నాడన్నమాట. మన హైదరాబాదు షబ్బీర్ అలీ కూడా ఫార్వర్డే, దేశానికి ఆడాడు. తర్వాత కోచ్‌గా 1998–99 జాతీయ లీగులో గోవా క్లబ్బు సల్గావ్‌కర్‌ని గెలిపించాడు. నార్వే ఫార్వర్డ్ సోల్షార్ మాంచెస్టర్ యునైటెడ్ బెంచి మీద ఎక్కువ కాలం కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేదు, అవతలి బ్యాక్‌లు ఎక్కడ తప్పుతున్నారో చూస్తూ ఉండేవాడు. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆఖర్లో దిగి గెలుపు గోలు కొట్టాడు. కోచ్ అయ్యాక నార్వేలో మోల్డే జట్టుకి 2011, 2012ల్లో వరసగా లీగు తెచ్చాడు. నీకు మోకాలు పోయి మూడేళ్లు గట్టు మీద కూర్చోవలసి వచ్చింది. ఆ మూడేళ్లలో ఏం చూశావు? గుర్తు చేసుకుని రాసుకో, అదంతా ఇప్పుడు నీ సరుకు.

అందరికంటే పెద్దాయన రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదులో బడిపంతులు. 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం ఆయన కోచింగ్‌లోనే వచ్చింది. 1962 జకార్తాలో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే బెంచి మీద కూర్చోబెట్టేవారు. రహీం గారు అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. దక్షిణ కొరియాతో ఫైనల్లో ఒక గోలు పి.కె. కొడితే రెండోది జర్నైల్ కొట్టాడు, 2–1. స్టాపర్‌లో ఫార్వర్డ్‌ని చూసిన కన్ను అది. నీ దగ్గర "భలే ఆడే" ఫార్వర్డ్‌లు ముగ్గురున్నారు. ఆ ముగ్గురిలో ఒకణ్ణి స్టాపర్‌గా నిలబెట్టి చూడు. ఫార్వర్డ్ ఎటు తిరుగుతాడో ఫార్వర్డ్‌కి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? అయిదు మ్యాచ్‌ల్లో నాలుగు ఎందుకు ఓడారో అక్కడ కొంత తెలుస్తుంది.

సవర పిల్లలు తల ఊపుతున్నారన్నావు. తమ్ముడూ, తల ఊపడం అంటే అర్థమైందని కాదు, నువ్వు అరవకుండా ఉండాలని. వాళ్లకి ఇంట్లో సవర, బడిలో ఒడియా, గ్రౌండులో నీ తెలుగు. "ఔట్‌సైడ్ పట్టుకో, కవర్ చెయ్, రివర్స్ ఇవ్వు" అని నువ్వు గుక్క తిప్పుకోకుండా అంటుంటే పాపం ఏం చేస్తారు? మనకి దారి చూపించినాయన ఒకప్పుడు మన పర్లాకిమిడిలోనే ఉండేవారు. గిడుగు రామమూర్తి గారు అక్కడ బడిపంతులుగా ఉంటూ సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలనుకున్నారు. కొండ ఊళ్లు తిరిగారు, జ్వరాలు తెచ్చుకున్నారు, ఆ జ్వరాలకి మింగిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. అయినా ఆ భాషకి వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు, వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. హాకీ ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కూడా అదే, దేశమంతా క్రీడా దినోత్సవం చేసేదీ ఆ రోజే. నాకు ఆ రెండూ ఒక్క రోజున రావడం ఎప్పుడూ ఇష్టం.

నిన్ను నిఘంటువు రాయమనడం లేదు. అయిదు మాటలు చాలు. వెనక మనిషి, తిరుగు, ఆగు, ఇటివ్వు, బాగుంది. ఆ ఆరుగురినీ కూర్చోబెట్టుకుని "మీ మాటలో దీన్నేమంటారు?" అని అడుగు. వాళ్లు చెప్పిందే మొత్తం జట్టుకి గ్రౌండు మాట చెయ్యి. తెలుగు గుంటలు కూడా అదే అరవాలి. అవతలి జట్టుకి అర్థం కాదు, అదొక లాభం. అసలు లాభం వేరే ఉంది. ఇన్నాళ్లూ వెనక వరసలో నిలబడ్డవాళ్లు ఆ రోజు మిగతావాళ్లకి మాట నేర్పుతారు. ఆ సాయంత్రం వాళ్ల మొహాలు చూడు.

హాస్టల్ పిల్లలు పొద్దున్నే ఏం తిని వస్తున్నారో కూడా కనుక్కో. ఖాళీ కడుపుతో పరుగులు పెట్టించి బద్ధకం అని తిట్టిన పాపం నాకూ ఉంది. క్లబ్బు డబ్బుల్లో కొత్త జెర్సీల కంటే ముందు అరటిపళ్లు, ఉడికించిన శనగలు, మురీలు కొనమని సెక్రటరీ గారికి చెప్పు.

మోకాలు సంగతి. నీ లిగమెంటు ఎందుకు తెగిందో నేను చెప్పలేను గానీ, నీకు పన్నెండేళ్లప్పుడు ఎవరైనా ఒంటికాలి మీద నిలబడి దిగడం, మోకాలు లోపలికి వంగకుండా గెంతడం నేర్పారా? మాకెవరూ నేర్పలేదు. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు, అదే వార్మప్. ఫిఫా వాళ్లు తయారుచేసిన "11 ప్లస్" అనే వరస ఒకటి ఉంది. 15 వ్యాయామాలు, 20 నిమిషాలు, ఒక్క బంతీ కొన్ని గుర్తులూ తప్ప సామాను అక్కర్లేదు. వారానికి రెండుమూడుసార్లు వదలకుండా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయని పరీక్షలు చేసి తేల్చారు. యూట్యూబ్‌లో ఉంటుంది. దాన్ని నువ్వు స్వయంగా పిల్లల పక్కన నిలబడి చేయించు. నీ మోకాలి మీది కుట్ల గీత వాళ్లకి చూపించి మరీ చేయించు.

జనవరి టోర్నమెంటుకి ఈ ఏడాది ఆడకు. కాలు కదలాలని ఉంటుంది, నాకు తెలుసు. బహుమతి మేకపోతు కోసం కాదు, ఆ కేకల కోసం. నా 34వ ఏట నేనూ ఒకసారి దిగాను, పిల్లలు గట్టు మీద కూర్చుని నా ఆట చూశారు, ఆ రోజు వాళ్ల మ్యాచ్ ఎలా ఆడారో నేను చూడలేదు. నీ మోకాలి మాట డాక్టరు చెప్పాలి, అది వేరు. ఒకవేళ డాక్టరు సరేనన్నా కూడా మొదటి ఏడు వద్దు. నువ్వు ఇంకా ఆటగాడివే అని పిల్లలకి అనిపిస్తే, తమ గురించి కాకుండా నీ గురించి మాట్లాడుకుంటారు. ఆ టోర్నమెంటుకే ఆ 14 మందినీ తీసుకెళ్లు. పెద్దల మ్యాచ్‌లు గట్టు మీద కూర్చోబెట్టి చూపించు, ఒక్కొక్కడికీ ఒక్కొక్క ఆటగాణ్ణి అప్పజెప్పు, బంతి కాకుండా వాణ్ణే చూడమను.

డబ్బు దగ్గర నీకు అబద్ధం చెప్పను. మన జిల్లాల్లో ఊరి క్లబ్బు కోచింగ్ మీదే ఇల్లు గడిచినవాణ్ణి నేను చూడలేదు. మీ మావగారి మాట తీసెయ్యకు. పాతపట్నం ఎంత దూరం? పొద్దున్న ప్రాక్టీసు చేయించి పది గంటలకి షాపు తీయొచ్చు. సాయంత్రం వారానికి మూడు రోజులు అయిదింటికల్లా వదిలిపెట్టమని అడుగు. తీర్చి అడిగితే కాదనరు, నెలల తరబడి నాన్చితేనే కోపం వస్తుంది. నీ భార్యతో కూర్చుని ఈ లెక్క ముందు వెయ్యి, తర్వాత మావగారి దగ్గరకి ఇద్దరూ కలిసి వెళ్లండి.

లైసెన్సు తప్పకుండా చెయ్. ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ మెట్లు డి, సి, బి, ఎ, ఆపైన ప్రో. నువ్వు మొదలుపెట్టవలసింది డి లైసెన్సుతో. అది కొద్ది రోజుల కోర్సే. క్లాసులో కూర్చోబెట్టి చెప్పడమే కాదు, నీ చేత ప్రాక్టీసు చేయించి పక్కన నిలబడి చూస్తారు, ఎక్కడ ఎక్కువ మాట్లాడావో చెప్తారు. మనలాంటివాళ్లకి మందు అదే. ఎప్పుడు, ఎక్కడ, ఫీజు ఎంత అన్నది మారుతుంటుంది కాబట్టి మీ జిల్లా అసోసియేషన్ ద్వారా కటక్‌లోని ఒడిశా ఫుట్‌బాల్ అసోసియేషన్‌ని అడిగించు. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) వాళ్ల ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది, షాపు వదిలి అన్ని రోజులు వెళ్లగలిగే ఏడాది దాని గురించి ఆలోచించు. కానీ ఇవేవీ బడి ఉద్యోగం కాదు. పీఈటీ, అంటే బడిలో వ్యాయామ పంతులు, కావాలంటే వ్యాయామ విద్యలో సీపీఎడ్ సర్టిఫికెట్ గానీ బీపీఎడ్ డిగ్రీ గానీ ఉండాలి, అది వేరే చదువు, వేరే నోటిఫికేషన్. ఈ రెండూ కలిపేసుకుని లైసెన్సుకి డబ్బు కట్టి తర్వాత ఏడ్చినవాళ్లు ఉన్నారు. నీకు డిగ్రీ ఉంటే బీపీఎడ్ గురించి ఇప్పుడే విచారించు, వయసు హద్దు కూడా చూసుకో.

ఆడపిల్లలిద్దరి గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేవాళ్లని ఏం చెయ్యాలని అడుగుతావా? బంతి ఇవ్వు. 2022లో ఆడపిల్లల అండర్ 17 ప్రపంచ కప్పుకి మన భువనేశ్వర్‌లోనే మ్యాచ్‌లు జరిగాయి, మన దేశం ఆడింది ఆ కళింగ స్టేడియంలోనే. అదే రాష్ట్రంలో కాశీనగర్ గట్టు మీద ఇద్దరు పిల్లలు పిలుపు కోసం కూర్చున్నారు. వాళ్ల ఇళ్లకి మాత్రం నువ్వొక్కడివే వెళ్లకు, నీ భార్యనో, బడి టీచరమ్మనో తీసుకెళ్లు. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఇంటికి, ఎవరు దిగబెడతారు అన్నది ముందే చెప్పు. ఒప్పుకుంటే మొదటి రోజే ఆటలోకి దింపు. పక్కన నిలబెట్టి బంతులు ఏరించకు.

ఒకటి అడగాలి. నీ ఉత్తరంలో ముగ్గురు ఫార్వర్డ్‌ల గురించి అంత ఇష్టంగా రాశావు. ఎవడిది ఎడమ కాలో, ఎవడు నీలాగ తిరుగుతాడో, ఎవడు తలతో కొడతాడో అన్నీ ఉన్నాయి. మిగతా పదకొండు మంది ఎవరు? గోలీ కుర్రాడు ఏ ఊరివాడు, వాణ్ణి గోల్లో ఎవరు నిలబెట్టారు, వాడికి ఆ చోటు ఇష్టమేనా? రెండు వారాలు వల వెనకాల నిలబడ్డాక ఇంకో ఉత్తరం రాయి. వాడితో మొదలుపెట్టు.